గుండీకి జంజీర్ ఉంటే: కఫ్‌లింక్స్ తారీఖ్, సస్తా సోనా, మన దుల్హాలు



షాదీల సీజన్ మొదలైందంటే మన ఇళ్లల్లో రెండు లిస్టులు తయారవుతాయి. ఒకటి దుల్హన్ జేవర్ లిస్టు. దాని గురించి అమ్మీ, ఖాలాలు, ఫూఫీలు కూర్చుని నెలల తరబడి మాట్లాడుకుంటారు. రెండోది దుల్హాకి పెట్టాల్సిన లిస్టు. దీని గురించి పైకి ఎవరూ మాట్లాడరు. కానీ ఆడపిల్ల తండ్రికి మాత్రం అది జబానీ వచ్చేసి ఉంటుంది: ఉంగరం, గడియారం, షేర్వానీకి గుండీలు. వలీమా రోజు సూట్ వేసుకునే పెళ్లికొడుకులు ఎక్కువయ్యాక ఇప్పుడు కఫ్‌లింక్స్ కూడా చేరాయి. అన్నీ సోనేవి అయితేనే ఇజ్జత్ అట.

మగవాడికి సోనా ఏమిటండీ అని అడిగితే ఒక జవాబు తయారుగా ఉంటుంది. "ఉంగరం హరామ్ అని మాకూ తెలుసు భాయ్, అందుకే గుండీలు అడిగాం. గుండీలు జాయిజే కదా!" ఈ జవాబు నేను ఒకటి రెండు ఊళ్లలో కాదు, చాలా చోట్ల విన్నాను. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజం ఏమిటో, మిగతా సగం ఎక్కడ తేడా కొడుతుందో చూడాలంటే గుండీల తారీఖ్ కొంచెం తిరగేయాలి. అందులోనే సస్తా సోనా తారీఖ్ కూడా దొరుకుతుంది, ఎందుకంటే తక్కువ ధరలో బంగారం మెరుపు ఎలా తేవాలో దునియా చాలావరకు నేర్చుకుంది గుండీల మీదే.

ముందు మస్అలా. బంగారం, పట్టు ఈ ఉమ్మత్ మగవాళ్లకు హరామ్, ఆడవాళ్లకు హలాల్ అన్న హదీసు హజ్రత్ అలీ (రజి) రివాయత్‌తో అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజాల్లో ఉంది. ఒక మనిషి వేలికి బంగారు ఉంగరం చూసి ప్రవక్త (స) దాన్ని తీసి పారేసిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త (స) వెళ్లిపోయాక, ఉంగరం తీసుకుని ఇంకో పనికి వాడుకో అని పక్కనున్నవాళ్లు చెప్పినా ఆ మనిషి దాన్ని ముట్టుకోలేదు. జరూరత్ ఉన్నచోట మాత్రం రాయితీ ఉంది. యుద్ధంలో ముక్కు పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది చెడిపోయి వాసన వచ్చిందనీ, అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త (స) చెప్పారనీ హదీసు కితాబుల్లో ఉంది. దంతాలకు బంగారం వాడొచ్చా లేదా అన్న బహస్ అంతా ఈ రివాయత్ చుట్టూనే తిరుగుతుంది.

మరి గుండీలు? హనఫీ ఫిఖాలో వీటి ప్రస్తావన చాలా పాతది. ఇమామ్ అబూ హనీఫా షాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ (వఫాత్ హిజ్రీ 189, క్రీ.శ. 805) సియరె కబీర్ హవాలాతో దుర్రె ముఖ్తార్‌లో ఒక మాట ఉంది. పట్టు గుండీలు, బంగారు గుండీలు ఉంటే హర్జ్ లేదని దాని సారాంశం. దలీల్ ఏమిటంటే, గుండీ బట్టకు తాబే, అంటే బట్టలో కలిసిపోయిన భాగం. అది మనిషి తొడుక్కునే జేవర్ కాదు. అందరు ఇమాములూ ఈ దారిలో లేరు, మస్లక్‌ల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. మనం చెప్పుకున్న సగం నిజం ఇదీ.

మిగతా సగం మన హిందూస్తాన్ ఉలమా రాతల్లో ఉంది. సద్రుష్షరీఆ మౌలానా అమ్జద్ అలీ ఆజ్మీ (వఫాత్ 1948) బహారె షరీఅత్‌లో ఈ మస్అలా విడమరిచారు. కుర్తాకో అచ్కన్‌కో సోనా, చాందీ గుండీలు జాయిజ్, కానీ వాటికి జంజీర్ ఉండకూడదు. జంజీర్ ఉంటే నాజాయిజ్, ఎందుకంటే జంజీర్ జేవర్ లెక్కలోకి వస్తుంది. పాత ఫోటోల్లో చూసే ఉంటారు: కుర్తా ఛాతీ మీద మూడో నాలుగో గుండీలు, వాటిని కలుపుతూ సన్నటి గొలుసు వేలాడుతూ ఉంటుంది. దాని గురించే ఈ మాట. గమనించండి, చాందీకి కూడా అదే హుకుం. "సోనా వద్దులే, వెండి గొలుసు గుండీలు చేయిద్దాం" అంటే మస్అలా తీరదు.

ఇప్పుడు కఫ్‌లింక్ అన్న మాట చూడండి. కఫ్ అంటే ఆస్తీన్ చివర, మణికట్టు దగ్గర మడత. లింక్ అంటే జంజీర్‌లో ఒక కడీ. పేరులోనే జంజీర్ ఉంది! అసలు కఫ్‌లింక్ అంటే రెండు చిన్న గుండీలు, మధ్యలో నాలుగైదు కడీల గొలుసు. అలాగే పుట్టింది, రెండు వందల ఏళ్ల పైన అలాగే బతికింది.

ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకు ఘుండీ, తుక్మా అన్న జోడీ మాట గుర్తుండాలి. బట్టను ముడేసి చేసిన ఉండ ఘుండీ, అది దూరే ఉచ్చు తుక్మా. లోహపు బొత్తాలు రాకముందు మన అంగర్ఖాలు బంద్‌లతో, అంటే తాళ్లతో కట్టుకునేవి. కొన్నింటికి ఈ ఘుండీ తుక్మాలు ఉండేవి. ఘుండీయే తెలుగులో గుండీ అయింది. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు తెలిసిన సంగతి ఇంకోటి: బొత్తాం పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, వాళ్లు బొతావ్ అంటారు. కమీజ్ మనకు అరబీ ఖమీస్ నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్ కమీసియా. బట్టలతో పాటు మాటలూ దర్యాలు దాటి తిరుగుతాయి.

ఆ పోర్చుగీసు వాళ్లతోనే కఫ్‌లింక్స్ కథ కూడా మొదలవుతుంది, అదీ ఒక షాదీతో. 17వ శతాబ్దం దాకా విలాయత్ మగవాళ్లు కమీజ్ చేతుల్ని రిబ్బన్‌తోనో సన్నటి తాడుతోనో కట్టుకునేవారు. రెండో ఛార్లెస్ రాజ్యం (1660–1685) నాటికి రిబ్బన్ స్థానంలో, కడీలతో కలిపిన జంట గుండీలు కనబడతాయి. 1662లో ఆయన పోర్చుగల్ షాహ్‌జాదీ కాథరీన్‌ను పెళ్లాడాడు. కిరీటం కింద రెండు హృదయాలు చెక్కిన చిన్న వెండి గుండీలు ఇంగ్లండ్ పొలాల్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి. ఈ షాదీ యాద్‌గార్‌గా జనం పెట్టుకున్నవే అవి అంటారు. ఈ షాదీ ఇంకో విధంగా మనకు బాగా తెలుసు. కాథరీన్ జహేజ్‌లో భాగంగా ఇంగ్లిషు రాజుకి దక్కినదే బంబయి. 1668లో ఆయన దాన్ని ఏడాదికి 10 పౌండ్ల కిరాయికి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కఫ్‌లింక్ పుట్టుకలోనే జహేజ్ వాసన ఉందని నేనంటే కోపం తెచ్చుకోకండి.

ఇంకో విచిత్రం. దుర్రె ముఖ్తార్ రాసిన అల్లామా హస్కఫీ వఫాత్ 1677లో. అంటే లండన్‌లో రిబ్బన్లు తీసేసి గుండీలు పెట్టుకోవడం మొదలైన రోజుల్లోనే, దమిష్క్‌లో ఒక ఫఖీహ్ బంగారు గుండీల హుకుం రాస్తున్నాడు. అదీ అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందు కితాబు హవాలాతో. ఆ బహస్ మనవాళ్లకు కొత్తది కాదు.

రాజులు, నవాబులు అసలు సోనా, వజ్రాలు పెట్టుకుంటారు. వాళ్లను చూసి ముచ్చటపడే దర్జీ, గుమాస్తా, బడిపంతులు ఏం చెయ్యాలి? సస్తా సోనా కథ ఇక్కడ మొదలవుతుంది. 18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో క్రిస్టఫర్ పించ్‌బెక్ అని గడియారాలు చేసే ఒక ఉస్తాద్ ఉండేవాడు. రాగి, జింకు కలిపి అచ్చం బంగారంలా కనిపించే లోహం తయారుచేశాడు. 1732లో చనిపోయాడు, కానీ ఆ లోహానికి అతని పేరే మిగిలింది. ఇంగ్లిషులో చవక నకిలీ వస్తువునే పించ్‌బెక్ అనడం మొదలైంది. మనం కాకిబంగారం అన్నట్టు.

1743 ప్రాంతంలో షెఫీల్డ్ అనే ఊళ్లో థామస్ బోల్సోవర్ అనే కత్తుల పనివాడు, వెండినీ రాగినీ కలిపి వేడిచేస్తే అతుక్కుపోయి ఒకే రేకులా సాగుతాయని కనిపెట్టాడు. పైన వెండి పొర, లోపల రాగి. ఆ రేకుతో అతను మొట్టమొదట చేసినవి పళ్లేలు కావు, గిన్నెలు కావు, గుండీలు! గుండీ చిన్నది, వెనకవైపు ఎవరికీ కనబడదు, ఏదైనా తేడా వచ్చినా నష్టం తక్కువ. కొత్త హునర్ పరీక్షించుకోవడానికి అంతకంటే మంచి సరుకు ఏముంటుంది? తర్వాత ఇదే పద్ధతి బంగారానికి వాడారు. ఇత్తడి దిమ్మ మీద పల్చటి బంగారు రేకు అతికించి, రోలర్ల మధ్య నలిపి సాగదీస్తే వచ్చేదే రోల్డ్ గోల్డ్. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు కరెంటుతో మలామా చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. బర్మింగ్‌హామ్ అప్పటికే గుండీలకూ బకిల్స్‌కూ దునియా మొత్తానికి మండీ.

ఈ రోల్డ్ గోల్డ్ అన్న మాట మన తెలుగు ఆడవాళ్ల నోట ఎలా స్థిరపడిందో చెప్పాలంటే బందరు పేరు ఎత్తాలి. మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఈ నగలకు ఎంత మష్హూర్ అంటే, చిలకలపూడి బంగారం అనేది ఒక సామెతలాంటి మాటైపోయింది. కుతుబ్‌షాహీల బందర్గాహ్ అది, 1611లోనే ఇంగ్లిషు కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. బస్సు ప్రయాణానికి అసలు నగలు బీరువాలో పెట్టి చిలకలపూడివి వేసుకోవడం మన అమ్మీలకు మామూలే. నకిలీ అని మొహం చాటేసే పని లేదు. రోల్డ్ గోల్డ్ అని చెప్పి అమ్మితే అది హునర్, సోనా అని చెప్పి అమ్మితేనే ధోకా.

ఇంగ్లండ్‌లో ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి తెరిచింది 1854 నాటి చట్టం. అప్పటిదాకా అక్కడ 22, 18 క్యారెట్ల బంగారానికే సర్కారీ ముద్ర. 1854లో 15, 12, 9 క్యారెట్లకు కూడా ముద్ర వేయడానికి ఇజాజత్ వచ్చింది. 9 క్యారెట్ అంటే వెయ్యి పాళ్లలో 375 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి వగైరా. కానీ అబద్ధం లేదు. ఎంత ఉందో ముద్రలోనే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కమీజ్ కఫ్‌లకు గంజి దట్టించి చెక్కలా నిలబెట్టే ఫ్యాషన్ ముదిరింది. అంత గట్టి బట్టలోంచి కుట్టిన గుండీ దూరదు. రెండు వైపులా కాజాలు పెట్టి కఫ్‌లింక్ వేయాల్సిందే. గుమాస్తాకి రోజూ కఫ్‌లింక్ కావాలి, 22 క్యారెట్‌ది కొనలేడు. అందుకే ఆ కాలం ముద్ర ఉన్న 9 క్యారెట్ కఫ్‌లింక్స్ పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అరగలేదు, విరగలేదు. మేలిమి బంగారం మెత్తన, తక్కువ క్యారెట్ గట్టి. రోజూ కాజాలో దూర్చి తీసే వస్తువుకి ఆ గట్టిదనమే కావాలి. మన సునార్లు 22 క్యారెట్‌లో కఫ్‌లింక్ చేస్తే, తిప్పే పుల్ల కొన్నాళ్లకే వదులైపోతుంది.

హైదరాబాద్ మాటకొస్తే, మన తెహజీబ్‌కి సొంతమైనవి షేర్వానీ గుండీలు. ఒక్కో గుండీ వెనక చిన్న కుండా ఉంటుంది. కాజాలోంచి దూర్చి లోపల కడీ తగిలిస్తారు. ధోబీకి వేసేముందు మొత్తం సెట్ తీసేసుకోవచ్చు. ఒకే సెట్ నాలుగు షేర్వానీలకు, తాత నుంచి మనవడికి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బట్టల షౌఖ్ ఎలాంటిదో చూడాలంటే పురానీ హవేలీకి వెళ్లండి. 176 అడుగుల పొడవున్న ఆయన చెక్క అల్మారా ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన కొడుకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానికి పూర్తిగా ఉల్టా, మాసిన షేర్వానీతో కాలం గడిపిన మనిషిగా పేరు. నిజాం ఖజానాలోని 173 నగల్ని 1995లో భారత సర్కార్ సుమారు 218 కోట్లకు కొన్నది. హారాలు, బాజూబంద్‌లు, పెద్ద మహబూబ్ అలీ ఖాన్ కొన్న 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ఉన్న ఆ ఢేర్‌లో గుండీలు, కఫ్‌లింక్స్ కూడా ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు జనమంతా జాకబ్ ముందే గుమికూడారు. గుండీల దగ్గర ఖాళీయే. ఇప్పుడవి రిజర్వ్ బ్యాంకు తాళాల వెనక ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. జాకబ్ వజ్రం క్యారెట్ వేరు, బంగారం క్యారెట్ వేరు. వజ్రానికి అది బరువు, ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. బంగారానికి అది ఖరాపన్, 24 పాళ్లలో ఎన్ని పాళ్లు మేలిమి అన్న లెక్క. దుకాణంలో ఈ రెండూ కలగలిపి మాట్లాడి మనల్ని తికమక పెట్టేవాళ్లు ఉన్నారు.

కఫ్‌లింక్‌కి జంజీర్ ఎప్పుడు పోయింది? యంత్రాలు వచ్చాక. 1884లో అమెరికాలోని నెవార్క్‌లో జార్జ్ క్రెమెంట్జ్ ఒకే ముక్కలో గుండీ కొట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తూటాల ఖోళ్లు చేసే మెషీన్ చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. 1920ల నాటికి టిక్కుమని నొక్కితే అతుక్కునే జంట గుండీలు వచ్చాయి. ఆ తర్వాత ఇప్పుడు మనం చూసే రకం: ఒకవైపు మొహం, వెనక చిన్న కాడ, కాడ చివర అడ్డంగా తిరిగే పుల్ల. కడీలు లేవు, గొలుసు లేదు. పారిస్ దర్జీ దుకాణం షార్వే 1904 ప్రాంతంలో ఇంకా తేలిక దారి పట్టింది. లోహమే లేకుండా పట్టుదారం ముడులతో కఫ్‌లింక్ చేసింది. తిరిగి తిరిగి కథ మన ఘుండీ దగ్గరికే వచ్చింది!

కాబట్టి దుల్హా అబ్బాజాన్ "గుండీలు జాయిజే కదా" అన్నప్పుడు అడగాల్సిన మొదటి సవాల్: జంజీర్ ఉందా? రెండోది: బట్టకు కుట్టి ఉందా, విడిగా తీసి డబ్బాలో దాచుకునేదా? విడిగా ఉండే కఫ్‌లింక్ గుండీ లెక్కా, జేవర్ లెక్కా అన్నది మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌ని వస్తువు చూపించి అడగండి. నేను ముఫ్తీని కాను. కానీ సహాఫీగా మూడో సవాల్ నేనే అడుగుతాను: గుండీ జాయిజ్ అయితే అయింది, ఆడపిల్ల తండ్రి గల్లా పట్టుకుని అడగడం ఏ కితాబులో జాయిజ్? ఫఖీహ్‌లు ఇచ్చిన చిన్న రాయితీని మనం డిమాండ్ లిస్టుగా మార్చుకున్నాం. జోడే కీ రకమ్‌కి ఇది ఇంకో పేరు, అంతే.

పెళ్లికొడుక్కి స్టీలువో, సీపీవో, దారం ముడివో కఫ్‌లింక్స్ పెట్టండి. ఫోటోలో ఎవరికీ తేడా తెలీదు. సోనా కొనే పైసా ఉంటే అది దుల్హన్ వైపు పోనివ్వండి.

ఆ సోనా కొనేటప్పుడు కూడా తారీఖ్ పనికొస్తుంది. మన దేశంలో తక్కువ క్యారెట్ బంగారాన్ని ఒకసారి హుకుమ్‌తో రుద్దారు. 1963 జనవరిలో, చైనా యుద్ధం తర్వాత, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా గోల్డ్ కంట్రోల్ వచ్చింది. 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదన్నారు. జనం ఆ బంగారాన్ని నమ్మలేదు, కొనలేదు. సునార్లు, కంసాలులు రోడ్డున పడ్డారు, ఎందరో ఖుద్‌కుషీ చేసుకున్నారు. చాటుగా వచ్చే బంగారం పెరిగింది. కొన్నేళ్లకే 14 క్యారెట్ల పట్టు సడలించారు కానీ, గోల్డ్ కంట్రోల్ చట్టం పూర్తిగా పోయింది 1990లోనే. మధ్యలో 1965లో ఏడో నిజాం దేశానికి ఐదు టన్నుల సోనా దానం చేశాడని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం ఆయన 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో వడ్డీకి పెట్టారు, దానం కాదు. నిజాం అంటే మనకు మొహబ్బత్ ఉండొచ్చు, లెక్క మాత్రం లెక్కే.

అప్పుడు హుకుమ్‌తో కానిది ఇప్పుడు ధరలు చేయిస్తున్నాయి. 2025 జూలైలో బీఐఎస్ 9 క్యారెట్ బంగారాన్ని కూడా హాల్‌మార్క్ లిస్టులో చేర్చింది. హాల్‌మార్క్ అన్న మాట లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచే వచ్చింది. 15వ శతాబ్దంలో పనివాళ్లు నగల్ని ఆ హాలుకు తెచ్చి ముద్ర వేయించుకునేవారు. మన దగ్గర బంగారానికి హాల్‌మార్కింగ్ 2000లో మొదలై, 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదు. ఆ ఆరు అక్షరాల్ని ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ దుకాణం, ఏ క్యారెట్, ఎక్కడ పరీక్షించారు అన్నీ వస్తాయి. నగ చేతిలో ఉండగానే, బిల్లు కట్టకముందే కొట్టి చూడండి. దుకాణదార్ మొహం చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.

రెండు సందులు గుర్తుంచుకోవాలి. 2 గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడక, చిన్న కమ్మలు, విడి గుండీ ఒక్కోటి ఈ సందులోంచే జారిపోతాయి. రెండోది, కుందన్, పోల్కీ, జడావూ నగలకు కూడా మినహాయింపు ఉంది. మన హైదరాబాదీ షాదీల్లో దుల్హన్‌కి పెట్టేవి ఎక్కువగా ఇవే! జడావూలో లోపల లక్క నిండి ఉంటుంది, రాళ్లు ఉంటాయి. తక్కెడ అన్నింటినీ సోనాలాగే తూస్తుంది. కాబట్టి మొత్తం బరువు, రాళ్లు, లక్క బరువు, నికర బంగారం, దాని క్యారెట్ నాలుగూ బిల్లు మీద విడివిడిగా రాయించుకోండి. తరుగు, మజూరీ ఎంతో వేరుగా రాయించండి. వీటన్నింటి మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది. తిరిగి అమ్మేటప్పుడు మజూరీ, రాళ్లు, లక్క, జీఎస్టీ దాదాపు గాలికి పోయినట్టే.

9 క్యారెట్ కొనాలా? లెక్క చూడండి. 4 గ్రాముల ఉంగరం 22 క్యారెట్‌ది అయితే అందులో మేలిమి సుమారు 3.66 గ్రాములు. 9 క్యారెట్‌ది అయితే 1.5 గ్రాములు. మజూరీ మాత్రం ఆ లెక్కన తగ్గదు, పని అదే కదా. రోజూ వేసుకోవడానికి, కాలేజీ పిల్లకు తోఫాగా, 9 లేదా 14 క్యారెట్ మంచిదే. గట్టిగా ఉంటుంది, పోయినా గుండె ఆగదు. చెమటకు నల్లబడొచ్చు, తుడిస్తే పోతుంది. రేపు జరూరత్‌కి అమ్ముకునే పూంజీగా అయితే వద్దు. ఆ పనికి తక్కువ మజూరీ ఉన్న 22 క్యారెట్ సాదా గాజులు, లేదా బిల్లతో సహా కొన్న నాణెమే నయం. తక్కువ క్యారెట్ నగను తిరిగి ఎంతకు తీసుకుంటారో కొన్న రోజే కాగితం మీద అడగండి.

జకాత్ దగ్గర ఇంకో మెలిక ఉంది. మన దేశంలో హనఫీలు పాటించే బంగారు నిసాబ్ ఏడున్నర తులాలు, 87.48 గ్రాములు. కల్తీ ఉన్న బంగారంలో ఏది గాలిబ్, అంటే సగానికి మించి ఏది ఉంటే, హుకుం దాన్ని బట్టే అని హనఫీ ఫిఖా ఉసూల్. 22, 18, 14 క్యారెట్లలో బంగారమే ఎక్కువ, కాబట్టి అది బంగారమే. 9 క్యారెట్‌లో బంగారం 37.5 శాతమే, గాలిబ్ వేరే లోహం. పాత కితాబులు రాసినప్పుడు ఇది కల్తీ దీనార్ల ప్రశ్న, ఇప్పుడు మన బీరువాలో ప్రశ్న. ఇలాంటి నగలు ఎక్కువగా ఉన్న ఇల్లు క్యారెట్లవారీగా బరువులు విడిగా రాసుకుని ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్తే ఆయనకూ జవాబు చెప్పడం తేలిక.

చివరిగా మెహర్. హైదరాబాద్ నికాహ్‌నామాల్లో "ఇన్ని దీనారె సుర్ఖ్" అని రాసే రివాజు ఉంది. వినడానికి షాన్‌గా ఉంటుంది. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో కొట్టించిన దీనార్ 4.25 గ్రాములు. కానీ నికాహ్ మహఫిల్‌లో కూర్చున్న పదిమందిలో ఎందరికి ఆ బరువు తెలుసు? ఖాజీ సాబ్ కలం తీసినప్పుడే, దుల్హన్ తరఫు వకీల్ ఆగమని చెప్పి, దీనార్ల పక్కన "22 క్యారెట్, హాల్‌మార్క్ ఉన్న బంగారం, మొత్తం ఇన్ని గ్రాములు" అని రాయించాలి. అప్పుడే ఇచ్చేస్తే ముఅజ్జల్ అని, తర్వాత ఇస్తే మువజ్జల్ అని కూడా. ఉర్దూలో ఈ రెండు మాటలూ చెవికి దాదాపు ఒకేలా వినబడతాయి, ఒకటి ఐన్‌తో, ఇంకోటి హమ్జాతో. సంతకం పెట్టేముందు ఆ ఒక్క అక్షరం కళ్లతో చూసుకోండి.